సఫర్ - ముసుగు తొలగించే ప్రయాణం

అరబీ భాషలో ప్రయాణాన్ని 'సఫర్' అంటారు. ఉర్దూలోనూ, మన ఇళ్ళలో మాట్లాడుకునే దక్కనీలోనూ అదే మాట. ఈ పదానికి మూలమైన సీన్-ఫే-రే అక్షరాలలో తెర తొలగడం, వెల్లడి కావడం అనే భావం ఉంది. స్త్రీ తన ముఖం మీది ముసుగు తీసినా, తెల్లవారి వెలుగు పరచుకున్నా అరబ్బులు ఈ ధాతువు నుంచి పుట్టిన మాటలే వాడతారు. ప్రయాణం మనుషుల స్వభావాలను బయటపెడుతుంది గనుకనే దానికి సఫర్ అని పేరు వచ్చిందని ఇమామ్ గజాలీ (రహ్మలై) 'ఇహ్యా ఉలూముద్దీన్'లో వివరించారు. ఆ గ్రంథంలో ప్రయాణ మర్యాదలకే ఆయన ఒక ప్రత్యేక భాగం కేటాయించారు.

హజ్రత్ ఉమర్ (రజి) ఎదుట ఒక వ్యక్తి సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు. నీవెవరో నాకు తెలియదు, నిన్ను ఎరిగినవారిని తీసుకురమ్మన్నారు ఉమర్ (రజి). అక్కడున్న ఒకాయన ముందుకు వచ్చి, ఇతను నాకు తెలుసు, మంచివాడు, న్యాయవంతుడు అన్నాడు. అప్పుడు ఉమర్ (రజి) మూడు ప్రశ్నలు వేశారు. ఇతని రాకపోకలు రేయింబవళ్ళు కనిపించేంత దగ్గరి పొరుగువాడివా? ఇతనితో దీనార్లు, దిర్హమ్‌ల లావాదేవీ ఎప్పుడైనా జరిపావా? ఇతనితో కలసి ప్రయాణం చేశావా? మూడింటికీ అతను లేదనే జవాబిచ్చాడు. అయితే ఇతనెవరో నీకు తెలియదని చెప్పి, తెలిసినవారిని తీసుకురమ్మని పంపించేశారు.

ఈ సంఘటనను మనం సాధారణంగా ఇతరులను అంచనా వేయడానికి వాడుకుంటాం. సంబంధం కుదుర్చుకునేటప్పుడు, వ్యాపారంలో భాగస్వామిని ఎంచుకునేటప్పుడు పెద్దలు దీన్ని గుర్తు చేస్తుంటారు. మంచిదే. కాని ఆ మూడో ప్రశ్నను మనవైపు తిప్పుకుంటే ఏమవుతుంది? నన్ను నేను ఎరుగుదునా? నాతో నేను ఎప్పుడైనా ప్రయాణం చేశానా? ఈ పాఠం దాని గురించే.

నా అనుభవం ఒకటి చెప్పాలి. చెప్పుకోదగ్గదేమీ కాదు, దాచుకోదగ్గదే. పదిహేడేళ్ళ వయసులో పైచదువు కోసం ఉత్తరప్రదేశ్‌లోని ఒక మదరసాకు బయలుదేరాను. ఊళ్ళో నాకు నెమ్మదస్తుడినని పేరు. సహనం గురించిన హదీసులు ఎన్నో కంఠస్థం. ఢిల్లీ వెళ్ళే రైల్లో, దారి మధ్యలో ఒక స్టేషన్లో, నుదుట బొట్టు పెట్టుకున్న ఒక పెద్దాయన మూటతో ఎక్కారు. ఆయనకు బెర్త్ ఖరారు కాలేదు. నా సీటు చివర కాసేపు కూర్చుంటానన్నారు. సరేనన్నాను. ఎదుటివారితో మాటల్లో పడి, నేను రోజూ ఫజ్ర్ నమాజుకు లేస్తానని, ఒక్కనాడు కూడా తప్పనని ఆయన వినేలా కాస్త గర్వంగానే చెప్పుకున్నాను. రాత్రి తొమ్మిదయ్యేసరికి నాకు కాళ్ళు చాపుకోవాలనిపించింది. ఇది నా టికెట్టు, లేవండి అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దదిగానే వచ్చింది. ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళి, తలుపు దగ్గర చేతులు కడుక్కునే తొట్టి పక్కన మూట మీద కూర్చున్నారు.

తెల్లవారుజామున ఎవరో భుజం తట్టారు. ఆయనే. బేటా, నీ నమాజు వేళ దాటిపోతుందేమో అన్నారు. రాత్రంతా నిద్ర లేని ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను లేచి వుజూ చేసుకుని నమాజు చదివాను. ఆ తర్వాత ఆయన్ను తీసుకొచ్చి నా సీటులో కూర్చోబెట్టాను గాని, అప్పటికి ఆయన దిగే ఊరు దగ్గరపడింది. ఆ నమాజులో నేనేం చదివానో ఇప్పుడు గుర్తులేదు. నేను సహనశీలిననే నమ్మకం మాత్రం ఆ రోజు పోయింది. మా ఊరి మసీదులో, అందరూ నన్ను ఎరిగిన చోట, మరో ఇరవై ఏళ్ళున్నా ఆ విషయం నాకు తెలిసేది కాదు.

ఇంట్లో మన మంచితనానికి చాలా ఆసరాలు ఉంటాయి. వేళకు అన్నం, అలవాటైన పడక, మర్యాద ఇచ్చే ఇరుగుపొరుగు. ఆ ఆసరాలన్నీ తీసేశాక మిగిలేది ఎంతో ప్రయాణంలోనే తేలుతుంది. ప్రయాణం యాతనలో ఒక భాగమని, అది మనిషికి తిండిని, నీటిని, నిద్రను సరిగా దక్కనివ్వదని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పిన మాట కాదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడం.

ప్రవక్త మూసా (అలై) నేర్చుకున్నది

దివ్య ఖుర్ఆన్ భూమిలో సంచరించమని అనేక చోట్ల ఆదేశించింది. గతించిన జాతుల గతి ఏమయిందో చూడమంది. హజ్ సూరాలో ఈ సంచారాన్ని ప్రస్తావిస్తూ, గుడ్డివయ్యేది కళ్ళు కావని, గుండెల్లోని హృదయాలని హెచ్చరించింది (22:46). కాబట్టి చూడడమంటే కోటలు, గోపురాలు చూసి రావడం కాదు. తెరుచుకోవలసింది లోపలి కన్ను.

ఇందుకు కహఫ్ సూరాలోని హజ్రత్ మూసా (అలై) ప్రయాణాన్ని మించిన ఉదాహరణ లేదు. ప్రతి శుక్రవారం మన ఇళ్ళలో పారాయణం చేసే సూరా అది. దాని నేపథ్యం బుఖారీ హదీసులో ఉంది. మూసా (అలై) బనీ ఇస్రాయీల్ ప్రజల మధ్య ప్రసంగిస్తుండగా, మనుషులందరిలో ఎక్కువ జ్ఞానం కలవారెవరని ఒకరు అడిగారు. నేనే అని ఆయన జవాబిచ్చారు. ఆ జ్ఞానం అల్లాహ్‌కే తెలుసని అనకపోవడం వల్ల అల్లాహ్ ఆయన్ను మందలించి, రెండు సముద్రాలు కలిసే చోట ఉన్న తన దాసుడొకరి గురించి తెలియజేశాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ దాసుడు హజ్రత్ ఖిజ్ర్ (అలై). ఆయన్నే మూసా (అలై) దగ్గరకు పంపడం అల్లాహ్‌కు కష్టమా? కాదు. అయినా మూసా (అలై)నే నడిపించాడు. బుట్టలో ఒక చేపను వెంట తీసుకుని, యువకుడైన శిష్యుడు యూషా బిన్ నూన్‌తో కలిసి ఆయన బయలుదేరారు. చేప మాయమైన చోటే గమ్యం. శిష్యుడు ఆ సంగతి చెప్పడం మరిచిపోయాడు. ఇద్దరూ ఆ చోటు దాటి ముందుకు వెళ్ళిపోయారు. దాటిన తర్వాతే మూసా (అలై)కు అలసట తెలిసింది, ఆకలి వేసింది, భోజనం తెమ్మన్నారు. అంతవరకూ తెలియని అలసట దారి తప్పాక తెలిసిందని హదీసులో ప్రత్యేకంగా పేర్కొనడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. మరో మాట కూడా. చేప సంగతి మరిచిన శిష్యుణ్ణి ఆయన కసురుకోలేదు. మనం వెతుకుతున్నది అదేకదా అని, వచ్చిన అడుగుజాడల వెంటే వెనక్కి తిరిగారు.

ఖిజ్ర్ (అలై) ముందే చెప్పారు, నీవు నాతో ఓర్చుకోలేవని. అల్లాహ్ తలిస్తే ఓర్చుకుంటానని మూసా (అలై) మాట ఇచ్చారు. ఆ మాటలో నటన లేదు, మనస్ఫూర్తిగా ఇచ్చినదే. కాని పడవకు రంధ్రం చేసినప్పుడు ఆగలేకపోయారు. బాలుణ్ణి చంపినప్పుడు అసలే ఆగలేకపోయారు. ఆకలితో ఉన్న తమకు అన్నం పెట్టని ఊళ్ళో కూలిపోబోతున్న గోడను ఖిజ్ర్ (అలై) ఉచితంగా నిలబెట్టినప్పుడూ నోరు విప్పారు. మూడోసారితో దారులు వేరయ్యాయి.

ఫిరౌన్ ఎదుట నిలబడిన ప్రవక్త ఆయన. ధైర్యానికి కొదవ లేదు. అన్యాయం అనిపించినదాన్ని చూసి ఊరుకోకపోవడం ఆయన ఔన్నత్యమే. అయినా తనకు తెలియని జ్ఞానం ముందు తన ఓర్పుకు ఒక హద్దు ఉందని ఆయనకు ఒడ్డున కూర్చుంటే తెలియలేదు, పడవ ఎక్కాక తెలిసింది. ప్రవక్తల సంగతే ఇలా ఉంటే, నాలుగు కితాబులు చదివి వేదిక ఎక్కే మాలాంటివారి సంగతి చెప్పాలా!

దొంగలు నేర్పిన పాఠం, మూగబోయిన నాలుక

ఇమామ్ గజాలీ (రహ్మలై) హి.శ. 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. ఆయన జీవితంలో ఎన్నో ప్రయాణాలున్నాయి. రెండింటి గురించి చెబుతాను.

మొదటిది విద్యార్థి దశలో. జుర్జాన్‌లో చదువుకుని, పాఠాలన్నీ రాసుకున్న కాగితాలతో ఇంటికి తిరిగి వస్తుంటే దారిలో దొంగలు పడ్డారు. అందరినీ దోచుకున్నారు. గజాలీ ఆ దొంగల వెంటపడ్డారు. వెనక్కి పొమ్మని నాయకుడు బెదిరించాడు. నా కాగితాలు మాత్రం ఇచ్చేయండి, అవి మీకు పనికిరావు, వాటికోసమే నేను ఊరు వదిలి వెళ్ళాను, నా విద్యంతా అందులోనే ఉంది అని ప్రాధేయపడ్డారు. దొంగ నవ్వాడు. కాగితాలు లాక్కుంటే పోయే విద్య నీకు వచ్చినట్టెలా అవుతుందని ఎగతాళి చేసి, ఆ మూట విసిరేశాడు. ఆయన జీవితచరిత్ర రాసినవారు ఈ సంఘటనను ఆయన నోటి మాటగానే ఉల్లేఖించారు. దొంగ నోట ఆ మాట పలికించింది అల్లాహ్‌యేనని ఆయన భావించారట. తూస్ చేరాక మూడేళ్ళు కూర్చుని, రాసుకున్నదంతా కంఠస్థం చేశారు.

రెండో ప్రయాణం ఇంతకంటే కఠినమైనది. ఎందుకంటే ఈసారి దొంగ బయట లేడు.

హి.శ. 484 (క్రీ.శ. 1091)లో సల్జూఖ్ మంత్రి నిజాముల్ ముల్క్ ఆయన్ను బాగ్దాద్ నిజామియా మదరసాలో ఆచార్యుడిగా నియమించాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై నాలుగు హిజ్రీ సంవత్సరాలు. ఆనాటి ఇస్లామీ లోకంలో ఒక పండితుడు కోరుకోగలిగిన పదవుల్లో అది శిఖరం. మూడు వందల మంది విద్యార్థులు ఆయన ముందు కూర్చునేవారు. ఖలీఫా దర్బారులో గౌరవం. అన్నీ ఉండగా ఆయన తనను తాను ఒక ప్రశ్న వేసుకున్నారు. ఈ బోధన ఎవరి కోసం చేస్తున్నాను? 'అల్ మున్‌ఖిజ్ మినజ్జలాల్' అనే తన గ్రంథంలో జవాబును దాచకుండా రాశారు. తన సంకల్పం అల్లాహ్ ప్రసన్నత కోసం స్వచ్ఛంగా లేదని, పదవి, పేరుప్రతిష్ఠలే దాన్ని నడిపిస్తున్నాయని గ్రహించారు. నరకం అంచున నిలుచున్నట్టు అనిపించిందట.

వెంటనే బయలుదేరలేదాయన. మనం గ్రహించవలసింది ఇక్కడే చాలా ఉంది. హి.శ. 488 రజబ్ నెల మొదలుకొని దాదాపు ఆరు నెలలు ఊగిసలాడారు. ఉదయం వెళ్ళిపోవాలని నిర్ణయం, సాయంత్రానికి సడలింపు. ఇంత సుఖమైన స్థితి వదిలేస్తే మళ్ళీ దొరకదని షైతాను నూరిపోసేవాడు. చివరికి నాలుక పనిచేయడం మానేసింది. పాఠం చెప్పబోతే మాట వచ్చేది కాదు. గుటక దిగేది కాదు. ఇది గుండెలో పుట్టిన వ్యాధి, మా మందులకు లొంగదని వైద్యులు చేతులెత్తేశారు. అప్పుడు, వేరే దారిలేని నిస్సహాయుడిలా అల్లాహ్‌ను వేడుకున్నారు. పదవిని, ధనాన్ని వదిలిపెట్టడం మనసుకు తేలికైపోయింది.

మక్కా వెళుతున్నానని చెప్పి, లోపల మాత్రం సిరియాలో ఉండిపోవాలని నిశ్చయించుకుని, హి.శ. 488 జుల్‌ఖఅదాలో (క్రీ.శ. 1095) బాగ్దాద్ విడిచారు. సంపదను పంచిపెట్టారు గాని, పిల్లల పోషణకు సరిపడేంత విడిగా ఉంచారు. దమాస్కస్‌లో దాదాపు రెండేళ్ళు గడిపారు. పెద్ద మసీదు మినారు ఎక్కి తలుపు మూసుకుని పగలంతా ఏకాంతంగా ఉండేవారు. తర్వాత బైతుల్ మఖ్దిస్, హెబ్రోన్‌లో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) సమాధి, ఆపైన హజ్, మదీనా దర్శనం. చివరికి పిల్లల పిలుపులు ఆయన్ను సొంత ఊరికి లాక్కొచ్చాయి. తనకంటే తిరిగి వచ్చే ఆలోచన లేనివాడు లేడు అనుకున్న మనిషి ఇలా ఇంటి బాట పట్టానని ఆయనే ఒప్పుకున్నారు.

పదకొండేళ్ళ తర్వాత, హి.శ. 499 (క్రీ.శ. 1106)లో పాలకుల ఒత్తిడి మీద నైషాపూర్‌లో మళ్ళీ బోధన మొదలుపెట్టారు. చూసేవారికి, తిరిగి తిరిగి మళ్ళీ పాత పనికే వచ్చాడు కదా అనిపించవచ్చు. ఆయనకు ఆ తేడా తెలుసు. మునుపు పదవి సంపాదించే విద్యను నేర్పేవాడినని, ఇప్పుడు పదవిని వదులుకోగలిగే విద్యకు పిలుస్తున్నానని వివరించారు. పని అదే. చేసే మనిషి మారాడు.

అయితే ఇంకో జాగ్రత్త. ఈ కథ విని ఎవరైనా భార్యాపిల్లలను వదిలేసి 'నన్ను నేను వెతుక్కుంటాను' అని బయలుదేరితే అది గజాలీ మార్గం కాదు. పిల్లల కూటికి ఏర్పాటు చేయకుండా ఆయన గడప దాటలేదు. జిహాద్‌కు అనుమతి కోరి వచ్చిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (సఅసం) నీ తల్లిదండ్రులు బ్రతికి ఉన్నారా అని అడిగి, ఉన్నారనగానే వారి సేవలోనే శ్రమించమని తిప్పి పంపారు. యెమన్‌కు చెందిన ఉవైస్ ఖర్నీ (రహ్మలై) ప్రవక్త (సఅసం) కాలంలోనే ఉండి కూడా మదీనాకు వచ్చి ఆయన్ను దర్శించుకోలేకపోయారు. తల్లి సేవే అడ్డుగా నిలిచిందని పండితులు చెబుతారు. అలాంటి ఉవైస్ వస్తే తన కోసం క్షమాభిక్ష కోరమని అడుగు అని ఉమర్ (రజి)కు ప్రవక్త (సఅసం) చెప్పి ఉంచారు. అంటే ఇంట్లో ఉండిపోయినవారు వెనకబడినట్టు కాదు. ముసలి తల్లికి అన్నం కలిపి పెట్టే కోడలికి, మంచం పట్టిన తండ్రిని లేపి కూర్చోబెట్టే కొడుక్కి వారి సఫర్ ఆ గదిలోనే జరుగుతోంది.

మన తెలుగు జిల్లాల నుంచి, ముఖ్యంగా తెలంగాణ, రాయలసీమల నుంచి ఎందరో సోదరులు గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. అక్కడ ఒక గదిలో ఎనిమిది, పది మంది ఉంటూ వంట, బట్టలు, నీళ్ళు పంచుకుంటున్నవారికి నేను సహనం గురించి కొత్తగా చెప్పేది లేదు. పైన చెప్పిన హదీసు చివరి భాగం మాత్రం వారికి, వారిని పంపినవారికి గుర్తు చేస్తాను. పని ముగిసిన వెంటనే ఇంటివారి దగ్గరకు త్వరగా తిరిగి రావాలని ప్రవక్త (సఅసం) చెప్పారు. మేడ మీద ఇంకో అంతస్తు వేయడానికి మరో రెండేళ్ళు ఉండమని ఫోనులో ఒత్తిడి చేసేముందు ఇంట్లోవారు కాస్త ఆగాలి.

దారిలో మర్యాదలు

ప్రయాణానికి షరీఅత్ ఇచ్చిన నియమాలు కేవలం సౌకర్యాలు కావు, ప్రతి ఒక్కటీ నఫ్స్‌కు ఒక పరీక్ష. ముగ్గురు బయలుదేరితే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని హదీసు (అబూదావూద్). వినడానికి చిన్న విషయం. హజ్ గ్రూపులోనో, పెళ్ళికి వెళ్ళే వ్యానులోనో అమలు చేసి చూడండి, ఎవరిలో ఏముందో సాయంత్రానికి తెలుస్తుంది. అమీరుగా ఉండడం కష్టం, అమీరు మాట వినడం అంతకంటే కష్టం.

ప్రవక్త (సఅసం) ప్రయాణాల్లో అందరికంటే వెనక నడిచేవారు. బలహీనులను ముందుకు తోలేవారు, నడవలేనివారిని వెంట ఎక్కించుకునేవారు, వారి కోసం దుఆ చేసేవారు. బద్ర్‌కు వెళ్ళేటప్పుడు ఒంటెలు చాలక ముగ్గురికి ఒకటి చొప్పున వంతులవారీగా ఎక్కారు. ప్రవక్త (సఅసం) వంతు భాగస్వాములు హజ్రత్ అలీ, హజ్రత్ అబూ లుబాబా (రజి). ఆయన నడిచే వంతు వచ్చినప్పుడు మేము నడుస్తాం, మీరు ఎక్కండి అన్నారు వారు. మీరు నాకంటే బలవంతులూ కారు, పుణ్యం అవసరం నాకు మీకంటే తక్కువా కాదు అనే భావం వచ్చేలా జవాబిచ్చి ఆయన నడిచారు. రైలు సీటు కథ నేను ముందే చెప్పాను. ఈ హదీసు అప్పటికే నాకు వచ్చు.

ఇక ఖస్ర్ నమాజు. హనఫీ పండితుల ప్రకారం సుమారు 48 మైళ్ళు (దాదాపు 77 కి.మీ.) లేదా అంతకు మించిన దూరం వెళ్ళే సంకల్పంతో ఊరి పొలిమేర దాటితే జుహర్, అసర్, ఇషా ఫర్జ్‌లు నాలుగుకు బదులు రెండు రకాతులు చదవాలి. చేరిన ఊళ్ళో పదిహేను రోజులు లేదా ఎక్కువ ఉండాలనుకుంటే పూర్తిగా చదవాలి. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమాము వెనక చదివితే ఆయనతో పాటు నాలుగూ పూర్తి చేయాలి. ఓపిక ఉంటే నాలుగు చదివితే ఎక్కువ పుణ్యం కదా అని చాలామంది అడుగుతుంటారు. హజ్రత్ ఉమర్ (రజి) కూడా, ఇప్పుడు శత్రుభయం లేదు కదా, ఇంకా ఎందుకు తగ్గించాలని ప్రవక్త (సఅసం)ను అడిగారు. ఇది అల్లాహ్ మీకిచ్చిన దానం, స్వీకరించండని జవాబు వచ్చింది (ముస్లిం). దాత ఇచ్చినదాన్ని నాకక్కర్లేదు అనడంలో భక్తి ఎంత ఉందో, స్వాతిశయం ఎంత ఉందో ఎవరికి వారే చూసుకోవాలి.

సెల్‌ఫోను గురించి ఒక్క మాట. కాబా చుట్టూ తవాఫ్ చేస్తూ ఇంటికి వీడియో చూపించేవారిని చూసి విసుక్కోవడం నాకూ అలవాటే. కాని గజాలీ ప్రశ్న ఫోను లేని రోజుల్లోది. చూసేవారు లేకపోయినా, చూస్తున్నట్టు ఊహించుకుని చేసే ఆరాధనలు ఉంటాయి. బయలుదేరే రోజు ఫోటోలు, పూలదండలు, దావతుల సందడిలో పడకముందే, ఇంట్లో ఎవరూ లేవకముందు కాసేపు కూర్చుని, ఈ ప్రయాణం ఎవరూ ఎరగకుండా చేయాల్సి వస్తే వెళ్ళేవాడినేనా అని అడిగి చూసుకోండి. జవాబు ఇబ్బందికరంగా వస్తే ప్రయాణం మానుకోనక్కర్లేదు. ఆ జవాబును వెంట తీసుకువెళ్ళి అక్కడ అల్లాహ్ ముందు పెట్టండి. ముసాఫిర్ దుఆ స్వీకరించబడుతుందని హదీసులో ఉంది.

తిరుగు ప్రయాణానికీ సున్నత్ ఉంది. ప్రవక్త (సఅసం) ప్రయాణం నుంచి వచ్చినప్పుడు ముందుగా మసీదుకు వెళ్ళి రెండు రకాతులు చదివేవారు. చాలాకాలం తర్వాత తిరిగి వచ్చేవారు చెప్పాపెట్టకుండా అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టడాన్ని వారించారు. ఇంట్లోవారు సిద్ధపడడానికి వ్యవధి ఇవ్వాలి. ఇమామ్ గజాలీ కూడా చివరికి తూస్‌కే చేరుకున్నారు. తన ఇంటి పక్కనే విద్యార్థులకు ఒక మదరసా, సూఫీలకు ఒక ఖాన్‌ఖా ఏర్పాటు చేసుకుని, హి.శ. 505 (క్రీ.శ. 1111)లో, దొంగల చేతి నుంచి కాగితాలు తెచ్చుకుని కంఠస్థం చేసిన అదే ఊళ్ళో కన్నుమూశారు.